బకెట్టు నీళ్ళు, బండి బ్యాటరీ

మా రాక్ ఆల్బంలో బాపు (మా నాన్న) పెట్టుబడి రెండే రెండు. ఒక బకెట్టు నీళ్ళు, ఒక స్ప్లెండర్ బ్యాటరీ. ఆ రెండూ లేకపోతే అది బయటికొచ్చేదే కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడైతే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఇరవై నాలుగేళ్ళప్పుడు బాపుకి ఏం తెలుసులే అనుకునేవాణ్ణి.

మొన్న అక్టోబరులో మా డ్రమ్మర్ డల్లస్ నుంచి ఫోన్ చేశాడు. "మామా, పదిహేనేళ్ళు అయిపోయినయ్ తెలుసా?" అన్నాడు. రెండు గంటలు మాట్లాడుకున్నాం. తీరా చూస్తే మా ఇద్దరి జ్ఞాపకాలూ సగానికి సగం కలవలేదు. గుడ్ల అట్టలు మోసుకొచ్చింది తనేనని వాడంటాడు. నేనేనని నాకు బాగా గుర్తు. అందుకే నాకు గుర్తున్నట్టు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. వాడికి గుర్తున్నట్టు వాడు రాసుకోనీ.

బ్యాండు పేరు మాత్రం అడక్కండి. ఇరవై నాలుగులో పెట్టుకున్న పేరు నలభైలో పైకి చెప్పాలంటే చాలా ధైర్యం కావాలి.

అసలు పురుగు కుట్టింది 2007 అక్టోబరులో, తార్నాకలో గంటకి పదిహేను రూపాయల నెట్ సెంటర్లో. ఆక్స్‌ఫర్డ్ రాక్ బ్యాండు రేడియోహెడ్ వాళ్ళు కొత్త ఆల్బం పూర్తయింది, పది రోజుల్లో ఇస్తున్నాం అని తమ సైటులో నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నారు. ఈఎంఐ అనే రికార్డుల కంపెనీతో వాళ్ళ ఒప్పందం అంతకుముందు ఆల్బంతో తీరిపోయింది. ఈసారి మధ్యలో కంపెనీ లేదు, అప్పటికింకా సీడీ కూడా లేదు. అక్టోబరు 10న 'ఇన్ రెయిన్‌బోస్' వాళ్ళ సొంత సైటులోకి వచ్చేసింది. ధర ఉండాల్సిన చోట ఒక ఖాళీ గడి ఉంది. ఎంత ఇవ్వాలనిపిస్తే అంత రాసుకోవచ్చు. కావాలంటే సున్నా రాసుకోవచ్చు.

నేను సున్నా రాశాను. క్రెడిట్ కార్డు అనే వస్తువు మా ఇంట్లో ఎవరూ ముట్టుకుని ఎరగరు. పది పాటలు కలిపి 50 ఎంబీకి కొంచెం తక్కువ. దిగడానికి అరగంట పట్టింది. పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, నెట్ సెంటర్ అన్నకి పదిహేను రూపాయలిచ్చి బయటపడ్డాను. పాటలు చేసిన ఆక్స్‌ఫర్డ్ వాళ్ళకి సున్నా, తార్నాక అన్నకి పదిహేను. ఆ లెక్క చాన్నాళ్ళు గుచ్చుకుంది.

మా గిటారిస్టు ఆ పాటలు విని, సీడీ అంత నాణ్యత లేని 160 కేబీపీఎస్ ఎంపీత్రీ ఇచ్చారేంటి, ఇదేం పిసినారితనం అని తిట్టుకున్నాడు. ఫ్రీగా తీసుకున్నవాడికే సణుగుడు ఎక్కువ. నాకు మాత్రం పాటలకంటే ఆ ఖాళీ గడి మీదే ధ్యాస. ఆల్బం అంటే మనకి క్యాసెట్ కంపెనీ ఉండాలి, ఆడియో ఫంక్షన్ ఉండాలి, దాని వెనక సినిమా ఉండాలి. సినిమాది కాని పాటని మనవాళ్ళు 'ప్రైవేట్ ఆల్బం' అంటారు, ప్రైవేట్ బస్సు అన్నట్టే. ఎక్కొచ్చు గానీ, దారిలో ఎక్కడ దింపేస్తాడో తెలీదు.

మేం నలుగురం. గిటారు, డ్రమ్స్ సికింద్రాబాద్ వాళ్ళే. బేస్ గిటారు నాది. పాడేవాడు, పాటలు రాసేవాడు గుంటూరు నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉండేవాడు. నాకూ గిటారిస్టుకూ గురువు ఒకరే. సౌత్ లాలాగూడలో ఉండే ఆంగ్లో ఇండియన్ అంకుల్, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. లాలాగూడలో అప్పటికీ అలాంటి ఇళ్ళు కొన్ని మిగిలి ఉన్నాయి. ముందు వరండా, వరండాలో పేము కుర్చీ, కుర్చీ పక్కన గిటారు. ఆయన నన్ను చూసిన మొదటి రోజే, "నీ వేళ్ళు లావు, నువ్వు బేస్ వాయించు" అని తెలుగులో తేల్చేశారు. కెరీర్ కౌన్సెలింగ్ అంటే అదీ.

కాలేజీ ఫెస్టుల్లో ఇంగ్లీషు పాటలే వాయించేవాళ్ళం. చప్పట్లు బాగానే పడేవి, ఆ పాటలు మావి కావు గనక. సొంతవి ఓ తొమ్మిది తయారయ్యాక, కృష్ణానగర్ వైపు ఒక స్టూడియోకి వెళ్ళాం. గంటకి ఎనిమిది వందలు. అక్కడి ఇంజనీరు మేం పైసా పైసా కూడేసి తెచ్చిన గంటలో పావుగంట ఫోన్లోనే ఉన్నాడు. ఫోన్ పెట్టేసి అడిగిన మొదటి ప్రశ్న, "హీరో ఎవరు?" సినిమా కాదండీ అన్నాం. "మరి దేనికి?" అన్నాడు. తిట్టాలని కాదు పాపం, నిజంగానే అర్థం కాక అడిగాడు. నాలుగు గంటలకి మూడు వేల రెండొందలు వదిలాయి. చేతికొచ్చిందేమో ప్రెషర్ కుక్కర్ లోంచి వినపడుతున్నట్టు ఒక పాట.

అలా మా ఇంటి మేడ మీది గది స్టూడియో అయింది.

అప్పటిదాకా అందులో పాత కూలరు, అమ్మ కుట్టు మిషను, రెండు బస్తాల బియ్యం ఉండేవి. బియ్యం కిందికి దిగింది. మిషను దిగనంది. అమ్మ జాకెట్లు కుట్టేది అక్కడే, ఆవిడ కస్టమర్లు మా కస్టమర్లకంటే నమ్మకస్తులు. మధ్యాహ్నం మూడు దాకా మిషను, తర్వాత మేం అని ఒప్పందం కుదిరింది. గోడలకి గుడ్ల అట్టలు అంటించాం (నేనే తెచ్చాను, రాసుకోండి). వాటివల్ల పెద్ద ఉపయోగం లేదని తర్వాత తెలిసింది. పైస్థాయి చప్పుడు కాస్త తగ్గిస్తాయి గానీ, బేసు వాటిని లెక్కే చేయదు. నిజంగా పని చేసినవి బొంతలు. అమ్మమ్మ పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంతలు ఆరు దండేలకి వేలాడదీశాక, గదిలో మాట్లాడితే మాట మన నోటి దగ్గరే పడిపోయేది.

సామాన్లంటే డ్రమ్మర్ పెదనాన్న కొడుకు అమెరికా నుంచి తెచ్చిన రెండు ఛానళ్ళ ఆడియో ఇంటర్‌ఫేసు (మైకు శబ్దాన్ని కంప్యూటర్లోకి పంపే డబ్బా), ఒక కండెన్సర్ మైకు, ఒక మామూలు మైకు. డ్రమ్స్‌కి రెండు మైకులు ఏ మూలకి? పైన ఒకటి, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) దగ్గర ఒకటి పెట్టాలనుకున్నాం. స్నేర్ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్ము) నుంచి ఆ రెండు మైకులకీ దూరం సమానంగా ఉండాలని గిటారిస్టు ఎక్కడో చదివాడు. తేడా ఉంటే ఒకే దెబ్బ రెండు మైకుల్లోకి ముందూ వెనకా చేరి, ఒకదాన్నొకటి మింగేస్తుంది. దెబ్బ పలచబడిపోతుంది. అమ్మ టేపు తీసుకుని కొలిచాం. జాకెట్ల టేపు అరవై అంగుళాలే. స్నేర్ మధ్యలో దాని ఇత్తడి మొన పట్టుకుని ఒకడు కూర్చుంటే, మైకు స్టాండు పట్టుకుని ఒకడు అటూ ఇటూ జరిగేవాడు. ముప్పై ఎనిమిది అంగుళాల దగ్గర కుదిరింది. ఆ నంబరు గోడ మీద పెన్సిలుతో రాశాం. మర్నాడు అమ్మ అది చూసి, "ఎవరి ఛాతీ ఇది?" అంది.

ఇక హమ్ సంగతి.

2010 మార్చి. రెండు పాటలు అయిపోయాయి, మూడోది ఎత్తుకున్నాం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే వెనకాల గుయ్ మని ఒకటే మోత. మొదటి రెండు పాటల్లోనూ ఉంది గానీ, గిటారు గోలలో పట్టించుకోలేదు. మూడో పాట నెమ్మదిగా మొదలవుతుంది. బేసు మీద ఒక్క జీ స్వరం ఎనిమిది మాత్రల సేపు నిలబడాలి. నేను ఆ జీ పట్టుకున్నప్పుడల్లా అది తిన్నగా ఉండకుండా గుంయ్... గుంయ్... అని ఉయ్యాల ఊగుతోంది. శ్రుతి చూసుకున్నాను, సరిగ్గానే ఉంది. తీగ మార్చాను. నా చేతి మీదే అనుమానమొచ్చింది.

ఆ సాయంత్రమే పాడేవాడు ఒక చేత్తో గిటారు పట్టుకుని మైకుకి పెదవి ఆనించాడు. "అమ్మా!" అని ఎగిరి బొంతల్లో పడ్డాడు. పెదవికి షాకు కొట్టింది. మేం నవ్వాం. కింద టీవీ చూస్తున్న బాపు ఆ అరుపు విని పైకొచ్చాడు.

బాపు లాలాగూడ క్యారేజి వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ సెక్షన్. రైలు డబ్బాల్లో లైట్లు, ఫ్యాన్లు, వాటి కింద బ్యాటరీలు, ఇదే ఆయన లోకం. మా సంగీతం గురించి అప్పటిదాకా ఆయన అన్నది ఒక్కటే, "మెల్లగ." గదిలోకొచ్చి ఏం జరిగిందని అడగలేదు. కళ్ళు మూసుకుని నిలబడి, "ఏందిరా ఆ గుయ్ మని సప్పుడు?" అన్నాడు. పెదవి షాకు సంగతి చెప్పగానే ఆయన మొహం మారిపోయింది. "నవ్వుతున్నరా? సస్తర్రా! ఎర్తింగ్ లేదు మీకు" అంటూ మెయిన్ ఆపేశాడు.

కిందికెళ్ళి హోల్డరుకి రెండు వైర్లున్న వంద క్యాండిల్ బల్బు తెచ్చాడు. మెయిన్ మళ్ళీ వేసి, ఒక వైరు ప్లగ్గులో ఫేజుకి, రెండోది న్యూట్రల్‌కి పెట్టి చూపించాడు. బల్బు ధగధగ వెలిగింది. రెండో వైరు తీసి పైన లావు రంధ్రంలో, అంటే ఎర్తులో పెట్టాడు. బల్బు లోపల తీగ ఎర్రగా, ఆరిపోబోయే అగరొత్తిలా కనిపించింది, అంతే. "సూడు" అన్నాడు. మేం నలుగురం ఇంజనీరింగే చదివాం. ఆ రోజు దాకా ఆ మూడో రంధ్రం అలంకారం అనుకున్నాం.

ఇంటి వెనక జామచెట్టు దగ్గర సిమెంటు పలక కింద ఎర్తు గుంత ఉంది. ఇల్లు కట్టినప్పుడు పైపు దించి చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా పోశారు. ఆ గుంత తడిగా ఉంటేనే కరెంటు భూమిలోకి దిగేది. ఏళ్ళ తరబడి నీళ్ళు పోసినవాళ్ళు లేరు. పైపు తల దగ్గర నట్టు తుప్పు పట్టి వైరు ఊగుతోంది. బాపు గరుకు కాగితంతో రుద్ది, నట్టు బిగించి, నన్ను బకెట్టు తెమ్మన్నాడు. గుప్పెడు కల్లుప్పు వేసి నీళ్ళు మెల్లగా గుంతలో పోశాడు. మట్టి గుటగుటమని తాగేసింది. పైకొచ్చి బల్బు పెడితే ఈసారి కళ్ళు చెదిరేలా వెలిగింది. మెషీన్లన్నీ ఆన్ చేశాం. హెడ్‌ఫోన్స్‌లో మోత లేదు. మొదటిసారి మా గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో విన్నాను.

నా జీ ఊగడం కూడా ఆగిపోయింది. అదెందుకు ఊగిందో కూడా బాపే చెప్పాడు. కరెంటు 50 సైకిల్స్. బేసు మీద నేను పట్టుకున్న ఆ జీ 49. రెండిటికీ తేడా ఒకటి, అందుకే సెకనుకోసారి ఊపు. "ఎండకాలం లోడు పెరిగితె గ్రిడ్డే నలభై తొమ్మిది దిక్కు జారుతది. అప్పుడు నీ తీగ, కరెంటు ఒక్కటే పాట పాడ్తయ్" అన్నాడు. అది నిజమే, 2009 మొదటిదాకా గ్రిడ్‌కి 49 దాకా దిగే వెసులుబాటు ఉండేది. స్వరాల పేర్లు తెలీని మనిషి నా స్వరానికి నంబరు చెప్పేసరికి నాకు కొంచెం ఉక్రోషంగానే ఉండింది.

ఆ తర్వాత ఆయన కండెన్సర్ మైకు చూసి దీనికి కరెంటు ఎక్కడిదని అడిగాడు. ఇంటర్‌ఫేసు నుంచే వస్తుంది, 48 వోల్టులు అన్నాను. "టెలిఫోన్ లెక్క" అన్నాడు. అప్పుడు అది పెద్ద మాటగా అనిపించలేదు. చాలా ఏళ్ళకి ఎక్కడో చదివాను. 1966లో నాయ్‌మన్ కంపెనీ నార్వే రేడియో కోసం మైకులు చేస్తున్నప్పుడు, ఆ స్టూడియోలో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల లైను ముందే ఉందట. దాన్నే మైకులకీ వాడుకున్నారు, లోకమంతా అదే ఖాయమైంది. దీపాలవాళ్ళ దయతో పాటలవాళ్ళు బతకడం నార్వేలోనూ ఉందన్నమాట.

పాటలు తెలుగులో రాయడం ఇంకో యుద్ధం. తెలుగు మాట అచ్చు దగ్గర ఆగుతుంది. పద్యానికి అది వరం, కచేరీకి మహావరం. గొంతు చించుకుని అరవాలంటే మాత్రం చావే. ఇంగ్లీషులో 'స్టాప్' అంటే చివర తలుపు ధడేల్‌మని పడుతుంది, దాని మీద స్నేర్ పడుతుంది, పని అయిపోతుంది. 'ఆగు' అని అరిచి చూడండి. ఆ ఉకారం మూతి ముందుకి చాపి గాల్లో వేలాడుతుంది. మావాడు మైకు ముందు వీరావేశంతో "ఆగూ!" అంటే, ఎవరో ఉప్పల్ బస్సు వెనక పరిగెడుతున్నట్టుండేది.

దారి వాడే కనుక్కున్నాడు. సున్నాతో ఆగే మాటలు. పోదాం, చూద్దాం, రాం, వినం, ఒప్పుకోం. పెదవులు మూసుకోగానే మాట ఆగుతుంది. ఆగాక కూడా ముక్కులో మోగుతూనే ఉంటుంది. దాని కిందికి నా బేసు వచ్చి చేరుతుంది. తొమ్మిది పాటల్లో ఏడు పల్లవులు సున్నాతోనే ముగుస్తాయి. ఎవరూ గమనించలేదు గానీ, మా ఆల్బం వ్యాకరణమంతా అదే.

మాటల దగ్గరే గొడవ కూడా. నా నోట 'వచ్చినం', వాడి నోట 'వచ్చాం'. ఇంకో ఏడాదైతే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదేమో. కానీ 2009 డిసెంబరు 9 తెలంగాణ ప్రకటన తర్వాత ఊరంతా ఆ మాటల మీదే ఉంది. తార్నాక నుంచి ఓయూ గేటు ఎంత దూరం? ఒక సాయంత్రం ఆ ఒక్క క్రియ దగ్గర మొదలై, ఎవరి ఊరు ఎవరిది, ఎవరి నీళ్ళు ఎవరివి దాకా పోయింది. వారం రోజులు మాట్లాడుకోలేదు. చివరికి వాడే వచ్చి కాగితం ఇచ్చాడు. ఆ లైనులోంచి క్రియనే ఎత్తేశాడు. 'ఇంత దూరం, ఇంత చీకట్లో, మనం.' అంతే. వాక్యం పూర్తి కాదు, అయినా సున్నా మీదే ఆగుతుంది. ఆల్బం మొత్తంలో నాకు నచ్చిన లైను అదే.

బంద్ పిలుపు వచ్చిందంటే మాకు పండగ. అలా అనకూడదు, తెలుసు. కానీ మా గదికి బొంతలు కూడా ఆపలేని శత్రువు ఒకటుండేది, రోడ్డు. ఆటోలు, లారీలు, మౌలాలి వైపు వెళ్ళే గూడ్సు. ప్యాసింజరుకి టైముంటుంది గనక దాన్ని తప్పించుకోవచ్చు. గూడ్సుకి టైమూ లేదు, సిగ్గూ లేదు. మంచి టేక్ చివర్లోనే కూత వేస్తుంది. బంద్ రోజు మాత్రం పొద్దున్నే కాకి అరుపు కూడా వినపడేది. అందుకని ముందు రోజు రాత్రే గుంటూరోణ్ణి మా ఇంటికి రప్పించుకునేవాళ్ళం. గొంతులన్నీ అలాంటి రోజుల్లోనే తీశాం. మధ్యాహ్నం అమ్మ పచ్చిపులుసు పెడితే, మొదటిసారి వాడు గిన్నెలోకి చూసి, "ఆంటీ, రసం ఇంకా కాగలేదా?" అన్నాడు. అమ్మ ఇప్పటికీ వాణ్ణి 'కాగని రసం' అనే అంటుంది. "కాగని రసం ఎట్లున్నడు? పెళ్ళాం మంచిదేనా?"

అందరూ బయటి జెండాల గురించి మాట్లాడుకునే ఆ రోజుల్లో మేం పైన కూర్చుని 'వినం, వినం' అని పదోసారి టేక్ తీసుకుంటున్నాం. ఇప్పుడు తలుచుకుంటే కొంచెం సిగ్గేస్తుంది.

జూలైకి రికార్డింగ్ అయింది. మిక్సింగ్ దగ్గర చతికిలబడ్డాం. ఒకడికి గొంతు తక్కువ, ఇంకొకడికి గిటారు తక్కువ, నాకు బేసు ఎప్పుడూ తక్కువే. సరిగ్గా అప్పుడే ఇండియన్ ఓషన్ వాళ్ళ కబురు వచ్చింది. ఢిల్లీ బ్యాండు, 1990 నుంచీ ఉన్నవాళ్ళు. 'కందీసా' క్యాసెట్టు అరిగేదాకా విన్న తరం మాది. కొత్త ఆల్బం '16/330 ఖజూర్ రోడ్'ని కంపెనీకి ఇవ్వకుండా, నెలకో పాట చొప్పున తమ సైటులో ఉచితంగా ఇస్తామన్నారు. 2010 జూలై 25న మొదటి పాట వచ్చింది. ఆ పేరు కరోల్‌బాగ్‌లో వాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేసుకున్న పాత బంగళా చిరునామా.

ఒక బంగళా చిరునామా ఆల్బం పేరు కావడం నన్ను పట్టేసింది. అంతకంటే పట్టేసింది ఆశీమ్ చక్రవర్తి గొంతు. తబలా వాయిస్తూనే పాడే మనిషి. 2009 డిసెంబరు 25న గుండె ఆగి పోయాడు. అంతకుముందే రికార్డు చేసి పెట్టిన ఏడు పాటలవి. మనిషి లేడు, నెల నెలా పెన్షన్‌లాగా ఆయన గొంతు వస్తోంది. పాట దిగుతున్నంతసేపు ఆ పచ్చ గీత నెమ్మదిగా నిండడం చూస్తూ కూర్చునేవాణ్ణి. మూడు నిమిషాలు ఆగితే ఒక చనిపోయినాయన కొత్త పాట పాడతాడు. అది సీడీ కొంటే రాదు. ఆ ఎదురుచూపు వేరు.

ఇక సాగదీయొద్దనుకున్నాం. తేదీ పెట్టేశాం, 2010 అక్టోబరు 10. పదో తేదీ, పదో నెల, పదో సంవత్సరం, పైగా ఆ ఖాళీ గడి పుట్టినరోజు. మిక్సింగ్ వాదన తీర్చింది సెవెన్ సీటర్ ఆటో. సికింద్రాబాద్ స్టేషను నుంచి ఉప్పల్ దాకా, ముందు సీట్లో డ్రైవరన్న పక్కన కూర్చుని మా పెన్‌డ్రైవు పెట్టించాం. వెనక సీటు కింద తాటికాయంత స్పీకర్లు. ఆ ఆటోలో గొంతు వినపడితే ఎక్కడైనా వినపడుతుంది. హబ్సిగూడ దగ్గర గొంతు మునిగిపోయింది, రాసుకున్నాం. నాలుగు ట్రిప్పులయ్యాక మునగలేదు. డ్రైవరన్న, "బీటు బాగుందన్నా, ఏ సినిమా?" అన్నాడు. రాబోయే సినిమా అని చెప్పేశాం. ఎంతమందికని వివరిస్తాం.

డబ్బులు అడగాలా వద్దా అన్నది కూడా తేలిపోయింది. మేం ఎంచుకున్న సైటులో జనం ఇచ్చే డాలర్లు మన బ్యాంకు ఖాతాలోకి తెచ్చుకోవడం ఆ ఏడాది మాకు కొరుకుడు పడలేదు. మేమూ ధర సున్నా అని పెట్టేశాం. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ బాకీ ఇలా తీరిందనుకున్నాను.

ఆ సైటు ఎంపీత్రీలు తీసుకోదు, వేవ్ ఫైళ్ళే కావాలంది. నిమిషానికి పది ఎంబీ. తొమ్మిది పాటలు, ముప్పై ఎనిమిది నిమిషాలు, అంటే 380 ఎంబీ పైమాటే. మా ఇంట్లో ఉన్నది బీఎస్ఎన్ఎల్ 500 రూపాయల ప్లాను. రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా ఎంత వాడుకున్నా లెక్కలోకి రాదు. కానీ పైకి పంపే వేగం సెకనుకి ముప్పై కేబీ దాటదు. లెక్కేస్తే నాలుగు గంటలు. రెండింటికి మొదలెడితే ఆరింటికి అయిపోవాలి.

రెండు గంటలకి నలుగురం డ్రమ్మర్ లాప్‌టాప్ చుట్టూ కూర్చున్నాం. నాలుగున్నరకి ఐదు పాటలు వెళ్ళాయి. ఆరోది సగంలో ఉండగా వాన మొదలైంది, కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది. మోడెమ్ ఆరిపోయింది. ఆరో పాట మళ్ళీ మొదటి నుంచి.

చీకట్లో మా తిట్లు విని బాపు టార్చితో పైకొచ్చాడు. సంగతి విన్నాడు. "ఫోన్ ఉన్నదా?" అన్నాడు. రిసీవరు ఎత్తితే డయల్ టోన్ మోగుతోంది. "ఎక్స్ఛేంజీల బ్యాటరీలుంటయ్. ఆడికెల్లి నలభై ఎనిమిది వోల్టులు వస్తనే ఉంటది. లైను సచ్చిపోలే, మీ డబ్బకే తిండి లేదు" అన్నాడు. మోడెమ్ అడాప్టరు తిప్పి టార్చి వెలుగులో చదివాడు. 12 వోల్టులు డీసీ. ఒక్క మాట మాట్లాడకుండా కిందికెళ్ళాడు. స్ప్లెండర్ సైడు మూత ఊడదీసిన చప్పుడు వినపడింది. తడిసిన బనీనుతో, బ్యాటరీ పట్టుకుని వచ్చాడు. అడాప్టరు వైరు మధ్యకి కోసి, మీటరు పెట్టి ఏది ప్లస్సో చూసి, రెండు క్లిప్పులు తగిలించాడు. మోడెమ్ మీద పచ్చ దీపాలు ఒక్కొక్కటే లేచాయి. చివరి దీపం కాసేపు తడబడి, నిలబడింది.

"రెండు గంటలు లాగుతది. అయిపోయినంక బండికి మళ్ళ పెట్టుండ్రి, నాకు ఎనిమిదింటికి డ్యూటీ" అని వెళ్ళి పడుకున్నాడు.

ఆరూ నలభైకి తొమ్మిదో పాట చేరింది. బటన్ నొక్కింది గుంటూరోడు. నొక్కాక ఏం చేయాలో ఎవరికీ తెలీలేదు. ఆడియో ఫంక్షన్ లేదు, దండ లేదు, కొబ్బరికాయ లేదు. అప్పటి ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్‌లో లింకు పెట్టాం. పేజీ పక్కన సున్నా అని ఉంది. దాన్నే చూస్తూ ఉస్మానియా బిస్కెట్లు తిన్నాం. ఏడున్నరకి అది ఒకటయ్యింది. ఎవరో అని ఎగిరి గంతేశాం. తర్వాత తెలిసింది, మా గిటారిస్టే ఫోన్లోంచి నొక్కాడు.

మొదటి నెల 212. ఏడాదికి పదకొండు వందలు దాటింది. ఎక్కువమంది సికింద్రాబాద్ వాళ్ళే అనుకున్నాం. కాదు, టెక్సస్, సింగపూర్, మెల్‌బోర్న్. రాత్రి షిఫ్టుల్లో వింటున్నామని ఉత్తరాలు. ఒకావిడ పాటల మాటలు తెలుగు లిపిలో పంపండి, మా బాబుకి చదవడం నేర్పిస్తున్నాను అని రాసింది. 'ఒప్పుకోం' అన్న మాటతో పిల్లాడికి ఓనమాలు. ఆ ఇంట్లో తర్వాత ఏం జరిగిందో ఆ తల్లికే తెలియాలి. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూసేసినప్పుడు అక్కడి మాటలన్నీ దాంతోపాటే పోయాయి. మేమెవరం కాపీ చేసి పెట్టుకోలేదు.

బ్యాండు అంతకుముందే ఆగింది. గొడవేం లేదు. ఒకడికి వీసా, ఒకడికి పెళ్ళి, ఒకడికి బెంగళూరు. రెండో ఆల్బంకి నాలుగు పల్లవులు ఉన్నాయి, అన్నీ సున్నాతోనే.

ఆల్బం వచ్చిన వారానికి బాపు అడిగాడు, "అయిపోయిందన్నరు గద. ఏది? నాకియ్యి." కంప్యూటర్లో ఉంది బాపూ అన్నాను. "ఆల్బం యాడున్నదిరా అంటే కంప్యూటర్ల ఉన్నదంటవు. చేతికియ్యనీకి ఏం లేదా?" అన్నాడు. ఇస్తానన్నాను. రెండేళ్ళు ఇవ్వలేదు. ఆయన రిటైరైన నెలలో గుర్తొచ్చి, ఖాళీ సీడీ ఒకటి కొని, పాటలు ఎక్కించి, పైన మార్కరుతో బ్యాండు పేరు రాసి ఇచ్చాను. హాల్లో డీవీడీ ప్లేయరులో పెట్టుకున్నాడు. కుర్చీ ముందుకి లాక్కుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని ముప్పై ఎనిమిది నిమిషాలూ విన్నాడు. అమ్మ చాయ్ తెచ్చి పెడితే చల్లారిపోయింది. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

అయిపోయాక రిమోట్ తీసి వెనక్కి తిప్పాడు. ఒకచోట ఆపి మళ్ళీ విన్నాడు.

"రెండో పాటల ఇంక ఉన్నది" అన్నాడు.

ఏముంది బాపూ అన్నాను.

"ఆ గుయ్ మని సప్పుడు. సన్నగ. మీరు తీసేసిన్రు గని, పూర్తిగ పోలే."

పైకెళ్ళి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. రెండో పాట, బకెట్టు నీళ్ళకి ముందు తీసింది. మిక్సింగ్‌లో ఆ మోతని 50 సైకిల్స్ దగ్గర కోసేశాం, దాని రెట్టింపు 100 దగ్గర కోసేశాం, అక్కడితో అయిందనుకున్నాం. గిటారు ఆగి గొంతు ఎత్తుకునే ముందు ఒక్క సెకను ఖాళీ ఉంటుంది. 150 దగ్గర, దోమంత సన్నగా, ఉంది.